చుట్టాలని చెప్పమన్నాను

భూపాలపల్లిలో మా అక్క ఇంటి మీద రెండు గదులు ఉండేవి. వాటిని రోజుల లెక్కన అద్దెకు ఇద్దామన్న ఆలోచన నాది. అక్కది కాదు. ఈ మాట ముందే చెప్పాలి. ఎందుకంటే తర్వాత జరిగినదాంట్లో అక్క తన సొంత నిర్ణయంతో చేసింది ఒక్కటే పని, అది కూడా ఆమె పోయాకే నాకు తెలిసింది.

మేము తరిగొప్పుల వాళ్లం. బాపుకు రెండెకరాల చెలక ఉండేది. అమ్మ పోయేనాటికి నాకు తొమ్మిదేళ్లు, అక్కకు పదిహేడు. ఏడో తరగతితో చదువు ఆపేసిన అక్క పత్తి ఏరే కూలికి పోయి నన్ను చదివించింది. పత్తికాయల మొనలు గీరుకుని ఆమె వేళ్ల చివర్లు ఎప్పుడూ పగిలే ఉండేవి. నాకు జడ వేసేటప్పుడు వెంట్రుకలు ఆ పగుళ్లలో చిక్కుకుంటే, నేను నొప్పని అరిచేదాన్ని. నాకు టీచరు ఉద్యోగం వచ్చి దేవరుప్పుల మండలంలో చేరిన రోజున, ఆ ఆర్డరు కాగితాన్ని చేతుల్లోకి తీసుకుని, చదవకుండానే చాలాసేపు చూసింది. మా ఇంట్లో గవర్నమెంటు నౌకరి అంటే అదే మొదటిది. ఆ నౌకరి మీద నాకంటే అక్కకే పానం ఎక్కువ.

బావ బొగ్గుగనిలో పని చేసేవాడు. వాళ్లకు పిల్లలు కలగలేదు. రిటైరైన రెండేళ్లకే బావ పోయాడు. పై గదుల్లో ఆరేళ్లున్న కుటుంబం కూడా క్వార్టర్ దొరికి వెళ్లిపోయింది. నేను జనగామలో ఉంటాను. హనుమకొండలో బస్సు మారి, పరకాల మీదుగా అక్క దగ్గరికి చేరేసరికి సగం రోజు పోతుంది. నెలకొకసారి వెళ్లేదాన్ని. వెళ్లినప్పుడల్లా ఆమె మాటలు ఇంకాస్త తగ్గినట్టు అనిపించేది. టీవీ పెట్టుకుని, దానివైపు చూడకుండా గేటువైపు చూస్తూ కూర్చునేది.

మా స్కూల్లో ఒక సారు హనుమకొండలో ఉన్న తన ఫ్లాటును ఫోన్లో యాప్‌లో పెట్టి రోజుల లెక్కన ఇస్తున్నాడు. అతని దగ్గర అన్నీ కనుక్కుని, ఒక ఆదివారం భూపాలపల్లికి వెళ్లి, పై గదులకు కొత్త దుప్పట్లు, బకెట్లు కొని, ఫోటోలు తీసి పెట్టేశాను. యాప్ నా ఫోన్లో ఉండేది, వచ్చే మనుషులు అక్క ఇంటికి వచ్చేవాళ్లు.

మొదట కరెంటు ప్లాంటులో మరమ్మతు పనికి వచ్చిన ఇద్దరు ఇంజనీర్లు దిగారు. తర్వాత కాళేశ్వరం పోయే కుటుంబాలు, పరీక్ష రాయడానికి వచ్చిన ఆడపిల్లలు, జాతర రోజుల్లో అయితే మెట్ల మీద కూడా మనుషులే. తిండి పెట్టడం మన ఒప్పందంలో లేదని నేను ఎన్నిసార్లు చెప్పినా అక్క వినలేదు. సర్వపిండి కాల్చి, మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కి తనే ఇచ్చి వచ్చేది. ఇంటికొచ్చిన మనిషి ఆకలితో పంటే మనకు నిద్రెట్ల పడతది అనేది. సాయంత్రం గేటు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని వాళ్ల కోసం ఎదురుచూసేది. వాళ్లొచ్చాక నాకు ఫోన్ చేసి, ఎవరిది ఏ ఊరో, ఎవరికి ఎంతమంది పిల్లలో, ఎవరి అత్త మంచిది కాదో అన్నీ చెప్పేది. చాలా ఏళ్ల తర్వాత అక్క గలగలా మాట్లాడటం విన్నాను.

వాళ్లలో మహబూబాబాద్ నుంచి వచ్చే ఒక జంట ఉండేది. అతను మిషన్ల రిపేరు పని మీద నెలకు నాలుగు రోజులు వచ్చేవాడు. కొత్తగా పెళ్లైన భార్యను ఒంటరిగా వదిలిపెట్టలేక వెంట తెచ్చుకునేవాడు. ఆ పిల్లకు అప్పుడు నాలుగో నెల. అక్క ఆమెకు తలకు నూనె రాసేది, చింతచిగురు పప్పు చేసి పెట్టేది. తన పగుళ్ల వేళ్లు ఆ పిల్ల జుట్టులో చిక్కుకోకుండా ముందు కొబ్బరినూనె రాసుకుంటున్నానని నాతో ఫోన్లో చెప్పింది ఒకసారి.

ఇంటి పన్ను కోసం ఇంటివాళ్లే వివరాలు నింపి ఇచ్చే కాగితం ఒకటి ఉంటుంది. ఇల్లు ఎంత, గదులెన్ని, ఎవరుంటున్నారు, దేనికి వాడుతున్నారు అని రాసి, ఇదంతా నిజమేనని సంతకం పెట్టాలి. మా స్కూలు సారు ముందే చెప్పాడు. రోజుల లెక్కన మనుషులను పెట్టుకుంటే ఆ గదులు లాడ్జి కిందికి వస్తాయి, వాటికి పన్ను వ్యాపార రేటులో పడుతుంది, ట్రేడ్ లైసెన్సు తీసుకోవాలి, కరెంటు మీటరును కమర్షియల్‌కు మార్పించుకోవాలి. జీఎస్టీ మాత్రం మనలాంటి చిన్నవాళ్ల దాకా రాదు. అన్నీ చెప్పి, ఇవన్నీ ఎవరు చేస్తున్నారు మేడం అని నవ్వాడు. నేనూ నవ్వాను.

అక్క వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నేను మంచం మీద కూర్చుని కాగితం నింపుతున్నాను. వాడకం అన్నచోట సొంత నివాసం అని రాశాను.

"పై అర్రలల్ల మనుషులు వచ్చి పోతుండ్రని రాసినవా?" అని అడిగింది అక్క.

"అది రాసేది కాదక్కా. ఎవరన్న అడిగితే సుట్టాలని చెప్పు."

"సుట్టాలు కాదు గదనే."

"నువ్వు వాళ్లను చూసుకునే తీరుకు సుట్టాల కంటే ఎక్కువనే."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని సంతకం పెట్టింది. అక్క సంతకమంటే పేరు మొత్తం, ఒక్కో అక్షరం విడివిడిగా, బడిపిల్ల పలక మీద దిద్దినట్టు. నేను బస్సు టైమవుతోందని తొందర పెట్టాను.

వానాకాలం చివర్లో మున్సిపాలిటీ బిల్ కలెక్టరు ఆ వీధికి వచ్చాడు. ఆ రోజు ఏం జరిగిందో అక్కా, తర్వాత మహబూబాబాద్ పిల్లా చెప్పగా తెలిసింది. అతను ఇళ్లన్నీ చూసుకుంటూ వచ్చి, అక్క దగ్గర మంచినీళ్లు అడిగి తాగి, పైన ఎవరుంటారని మామూలుగానే అడిగాడట. అక్క చుట్టాలని చెప్పింది. ఎవరని మళ్లీ అడిగేసరికి, మా చెల్లె బిడ్డ సారు అంది. అప్పుడే తల స్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటున్న ఆ పిల్ల మెట్ల మీద నిలబడి ఇది విన్నది. ఒక్క క్షణం ఆగి, "పెద్దమ్మా, తువ్వాల యాడ పెట్టినవే" అంటూ కిందికి దిగింది. బిల్ కలెక్టరు ఇద్దరినీ చూసి, గ్లాసు తిరిగిచ్చి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టినప్పుడు అక్క నాకు ఫోన్ చేసింది. 

"గా పిల్ల నన్ను పెద్దమ్మ అన్నది చెల్లె. నా కోసం అబద్ధం ఆడింది. కడుపుతోని ఉన్న పిల్ల. నేనే ఆడిపిచ్చిన."

"మంచిగనే అయింది గదా అక్కా. తెలివైన పిల్ల" అన్నాను. నిజానికి నాకు సంతోషమే వేసింది. పక్కనున్న టీచర్లకు ఈ కథ చెప్పి నవ్వించాను కూడా.

ఆ రోజు నుంచి అక్క మారింది. అది నాకు వెంటనే కనబడలేదు, కనబడినా పట్టించుకోలేదు. వచ్చినవాళ్ల చెప్పులు బయట వదలనివ్వకుండా లోపల మంచం కింద పెట్టించేది. బండ్లు పక్క వీధిలో ఆపమనేది. మేడ మీద తాడుకు తడి బట్టలు ఆరేయనిచ్చేది కాదు, అన్ని తువ్వాళ్లు ఒక్క ముసలిదానివి ఎట్లా అవుతాయని ఎవరైనా అనుకుంటారట. పిల్లలు గట్టిగా నవ్వితే తనే పైకి వెళ్లి, జర మెల్లగ బిడ్డా అని బతిమాలేది. గేటు ముందు కుర్చీ వేసుకోవడం మానేసింది. వీధిలో ఎవరైనా చేతిలో కాగితాలతో కనిపిస్తే తలుపు దగ్గరికి వేసి లోపల నిలబడేది. ఫోన్లు కూడా తగ్గాయి. చేసినా, వచ్చినవాళ్ల గురించి చెప్పకుండా, ఇవాళ ఎవరూ రాలేదు అని చెప్పి పెట్టేసేది.

ఒకాయన యాప్‌లో రాశాడు, ఇల్లు శుభ్రంగా ఉంది కానీ ఇంటావిడ మమ్మల్ని దొంగల్లాగా దాచిపెట్టింది, బాల్కనీలో నిలబడనివ్వలేదు అని. రేటింగు చుక్కలు తగ్గాయి. నేను అక్కకు ఫోన్ చేసి కోప్పడ్డాను. గంత భయమైతే ఎట్లక్కా, మంచి పేరు ఖరాబవుతుంది అన్నాను. అక్క సరేలే అంది. ఇప్పుడు తలచుకుంటే, భయపడమని నేర్పింది నేనే, భయపడిందని తిట్టింది నేనే.

చలికాలంలో ఆ వీధి ఇళ్లన్నిటికీ కాగితాలు పంచారు. ఎవరైనా ఇంటి వివరాలు తప్పుగా ఇచ్చి ఉంటే సరిచేసుకోవచ్చు, తర్వాత పట్టుబడితే పన్నుకు ఎన్నో రెట్లు జరిమానా పడుతుంది అని అందులో ఉంది. అక్క దాన్ని కూడబలుక్కుని చదువుకుంది. ఆ నెల నేను వెళ్లినప్పుడు, అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని, ఆ కాగితం తీసి నా ముందు పెట్టింది.

"కట్టేద్దాం చెల్లె. ఎంతైతే గంత."

"ఇది మన ఒక్కరికే ఇచ్చింది కాదు. అందరికీ ఇచ్చిండ్రు. ఒక్కసారి వాళ్ల బుక్కుల ఎక్కితే మళ్లీ దిగలేము అక్కా. లైసెన్సు అంటరు, మీటరు అంటరు. ఎవరు తిరగాలె?"

"నేను తిరుగుత."

"నీకేం తెలుసు?" అన్నాను.

అలా అన్నాను. ఆమె తల వంచుకుని నా పళ్లెంలోకి ఇంకొంచెం పప్పు వేసింది. ఎందుకు వద్దన్నానో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. నిజంగా పన్ను భారమా అంటే కాదు. తేడా ఎంతో నేను అంతకుముందే లెక్క కట్టుకున్నాను. రెండు గదుల అద్దెలో అది పెద్దదేమీ కాదు. నన్ను ఆపింది డబ్బు కాదు. నాకు అన్నీ తెలుసన్న ధీమా. నలుగురు తప్పించుకుంటున్న దారిలో మనం మాత్రం తలవంచి వెళ్లి కట్టడమేమిటన్న పొగరు. చదువుకున్న చెల్లెలిగా అక్క కోసం నేను చేసి పెడుతున్న గొప్ప పని అదే అనుకున్నాను.

మార్చిలో పదో తరగతి పరీక్షలకు నాకు డ్యూటీ పడింది. డ్యూటీకి ముందు ఫోన్లన్నీ ఆఫీసు గదిలో పెట్టెయ్యాలి. పరీక్ష అయ్యాక నా ఫోన్ తీసుకుని, జవాబు పేపర్లు కట్టలు కట్టించడానికి పోతుండగా అక్క ఫోన్ చేసింది. చుట్టూ రోడ్డు చప్పుడు వినిపిస్తోంది. ఆమె ఇంట్లో లేదని కూడా నాకు తట్టలేదు.

"చెల్లె, ఒక్క మాట. నీ నౌకరికి ఏం కాదంట. నేను అడిగిన."

"ఏం నౌకరి? ఎవరిని అడిగినవ్? అక్కా, నేను డ్యూటీల ఉన్న."

"గా ఇంటి కాగితం గురించే. మనం పోయి చెప్తే..."

"ఆ ముచ్చట ఇగ తియ్యకు" అని పెట్టేశాను.

సాయంత్రం నేనే తిరిగి ఫోన్ చేశాను. ఏంటక్కా అప్పుడు అన్నది అని అడిగితే, ఏం లేదే, ఊకెనే, తిన్నవా అంది. ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

వేసవి సెలవుల్లో వచ్చి పది రోజులుంటానని చెప్పాను. జనగామలో మా ఇంటికి సున్నాలు వేయించే పని పెట్టుకుని ఆగిపోయాను. ఒక ఉదయం, వంటింట్లో గోడలకు రెండో పూత పడుతుండగా, తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. కాళేశ్వరం పోవడానికి వచ్చి పై గదిలో దిగిన ఒక కుటుంబం. వాళ్లు బయలుదేరుతూ తాళం ఇవ్వడానికి కిందికి వస్తే, అక్క వంటింట్లో గోడకు ఆనుకుని చెమటలతో కూర్చుని ఉందట. వాళ్ల కార్లోనే దవాఖానకు తీసుకుపోయారు. త్వరగా రండి అంది ఆ కుటుంబంలోని ఆవిడ.

నేను హనుమకొండ దాటకముందే అక్క పోయింది. అది నాకు, దొరికిన బస్సులో పరకాల దాకా వచ్చి, బస్టాండులో ఇంకో బస్సు కోసం నిలబడి ఉండగా తెలిసింది. తెలిసిన తర్వాత కూడా బస్సు ఎక్కాలి, టికెట్ అడగాలి, ఎక్కడికి అంటే భూపాలపల్లి అని చెప్పాలి. చెప్పాను. కండక్టరు చిల్లర లేదంటే వెతికి ఇచ్చాను.

దవాఖాన వరండాలో ఆ కుటుంబం ఇంకా కూర్చునే ఉంది. దేవుడి దర్శనం మానుకుని, పిల్లలకు బిస్కెట్లు కొనిపెట్టి, ముక్కూ మొహం తెలియని మనిషి శవం దగ్గర కాపలా ఉన్నారు. ఫోన్ చేసిన ఆవిడ నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆమె చెప్పింది:

"కార్ల ఎక్కిచ్చినప్పుడు మంచిగనే మాట్లాడింది అక్కా. ఇక్కడ నర్సమ్మ, మీరేమైతరు అని నన్ను అడిగింది. నేను చెప్పేలోపటనే అమ్మ నా చెయ్యి గట్టిగ పట్టుకొని, సుట్టాలు, మా సుట్టాలు అన్నది. ఇగ మాట్లాడలేదు."

ఆమె అది అక్క ప్రేమగా అన్న మాట అనుకుంది. కావచ్చు. అక్క అలాంటిదే. కానీ నాకు తెలుసు. గుండె పట్టేసిన మనిషి, ఊపిరి అందని మనిషి, చీటీ రాసే నర్సును చూసి కూడా భయపడింది. చేతిలో పెన్ను పట్టుకున్న మనిషి ఎవరైనా సరే, వాళ్లకు చెప్పాల్సిన మాట ఏదో నేను ఎనిమిది నెలలుగా ఆమెకు నేర్పి ఉంచాను.

డాక్టరు మంచివాడు. గుండె నరాలు ఎప్పటినుంచో పూడుకుపోయి ఉన్నాయని, ఎవరూ చేయగలిగింది లేదని చెప్పాడు. నేను నమ్మాను. పన్ను వల్ల అక్క చనిపోయిందని నేను ఎప్పుడూ అనను. ఆమె ఆఖరి ఎనిమిది నెలలు మాత్రం నేను పాడు చేశాను. ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చునే ఆనందం కూడా లేకుండా చేశాను. దానికి ఏ డాక్టరూ నన్ను విడిపించలేడు.

పదో రోజున మహబూబాబాద్ జంట వచ్చింది. గది కోసం ఫోన్ చేసి, విషయం విని, మూడు నెలల పసిపాపను ఎత్తుకుని వచ్చేశారు. ఆ పిల్ల ఆడవాళ్ల మధ్య కూర్చుని, పాపను ఒళ్లో వేసుకుని, శబ్దం లేకుండా ఏడుస్తోంది. ఘనపూర్ నుంచి వచ్చిన బావ వాళ్ల అక్క నా చెవి దగ్గరికి వచ్చి, గా పిల్ల ఎవరే, నేనెన్నడు చూడలే అని అడిగింది.  ఏమని చెప్పినా తప్పే అనిపించింది. లేచి వెళ్లి పాపను ఎత్తుకున్నాను.

పదకొండో రోజు ముగిశాక, అందరూ వెళ్లిపోయాక, నేను ఇంటి పన్ను కాగితాలన్నీ సంచిలో పెట్టుకుని మున్సిపాలిటీ ఆఫీసుకు వెళ్లాను. ఎవరూ పిలవలేదు. అక్క కట్టేద్దామంది, కడదామని వెళ్లాను. వాకిట్లో ఉన్నవాళ్లను అడిగితే ఆ వీధి చూసే బిల్ కలెక్టరు బల్ల చూపించారు. నా వయసువాడే, కళ్లద్దాలు, జేబులో రెండు పెన్నులు. ఇంటి నంబరు చెప్పగానే తలెత్తాడు.

పై గదులు రోజుల లెక్కన అద్దెకిస్తున్నామని, కాగితంలో అబద్ధం రాశామని, రాసింది నేనని చెప్పాను. అక్క చనిపోయిందని కూడా చెప్పాను.  అతను కుర్చీ జరిపి నన్ను కూర్చోమన్నాడు.

"నాకు ఆ రోజే తెల్సింది మేడం. మంచినీళ్లు ఇచ్చేటప్పుడు ఆమె చెయ్యి వణికింది. అబద్ధం ఆడటం అలవాటు ఉన్నోళ్ల చెయ్యి వణకదు. ఆమెనే వచ్చి చెప్తదిలే అని నేను రాసుకోలే."

"మరి రాలేదు" అన్నాను.

"వచ్చింది."

మార్చి నెలలో అని చెప్పాడు. ఒక పొద్దున వచ్చి, తలుపు పక్కన బల్ల మీద చాలాసేపు కూర్చుందట. అందరూ వెళ్లాక లేచి ఇతని దగ్గరికి వచ్చి, తన పేరు చెప్పకుండా, తెలిసినవాళ్ల గురించి అడుగుతున్నట్టు అడిగిందట. ఇతను గుర్తుపట్టినా పట్టనట్టే ఉన్నాడు. పన్ను ఎంత పడుతుందని ఆమె అడగలేదు. జరిమానా గురించి అడగలేదు.

"ఆమె అడిగింది ఒక్కటే మేడం. ఇంటోళ్లకు చదువు రాక, ఆ కాగితం వేరేటోళ్లు నింపితే, నింపినోళ్లది గవర్నమెంటు నౌకరి అయితే, ఆ నౌకరి పోతదా సారు అని. ఏం కాదమ్మా, ఇంటి ఓనరు వచ్చి సరిచేసి, తేడా కడితే అయిపోతది అని చెప్పిన. ఒకటికి రెండుసార్లు అడిగింది. ఒట్టేనా అన్నది. మా చెల్లెను అడిగి వస్త సారు అని పోయింది. బయటకు పోంగనే మెట్ల మీద నిలబడి ఫోన్ చేస్తుంటే చూసిన."

ఆ ఫోను నాకే.

అన్ని నెలలు ఆమె ఆఫీసువాళ్లకు నిజం ఎందుకు చెప్పలేదో అప్పుడు అర్థమైంది. నేను అనుకున్నట్టు నా తెలివిని నమ్మి కాదు, జరిమానాకు భయపడి కాదు. నిజం చెబితే నా ఉద్యోగం పోతుందేమో అని. పత్తి ఏరి ఇప్పించిన ఉద్యోగం. ఆ భయం తీర్చుకోవడానికి, నాకు చెప్పకుండా, ఒక్కతే, జీవితంలో ఎన్నడూ ఎక్కని ఆఫీసు మెట్లెక్కింది. నా నౌకరికి ఏం కాదని తెలిశాక, ఆ సంతోషం ముందు నాకే చెప్పాలని ఫోన్ చేసింది. నేను ఆ ముచ్చట తియ్యకు అన్నాను.

బిల్ కలెక్టరు కాగితం నా ముందు పెట్టి, ఎక్కడెక్కడ ఏం రాయాలో చూపించాడు. వాడకం అన్నచోట కింద నివాసం, పైన రోజుల అద్దె అని రాశాను. ఎప్పటినుంచి అంటే నెల చెప్పాను. పాత తేడా కలిపి కట్టాను. లైసెన్సుకు ఏ గదిలో అడగాలో, మీటరు మార్చడానికి కరెంటు ఆఫీసులో ఏ కాగితం ఇవ్వాలో చీటీ మీద రాసిచ్చాడు. రసీదు అక్క పేరు మీదే వచ్చింది. దాన్ని తీసుకుని, తలుపు పక్కన ఉన్న బల్ల మీద కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఒక ముసలాయన వచ్చి, జర జరుగు బిడ్డా అంటే జరిగాను.

ఇల్లు అక్క నా పేర రాసి ఉంచింది. లైసెన్సు వచ్చింది, మీటరు మారింది, వచ్చినవాళ్ల పేర్లు రాసే పుస్తకం పెట్టాను. ఒక పనిమనిషిని మాట్లాడి, దసరా దాకా గదులు నడిపాను. అన్నీ సక్రమంగా ఉన్నాయి. చెప్పులు బయటే ఉండేవి, బట్టలు తాడు మీదే ఆరేవి, పిల్లలు ఎంత అరిచినా అడిగేవాళ్లు లేరు. అది చూసి తట్టుకోలేకపోయాను. అక్క ఉన్నప్పుడు ఇట్లా ఉండాల్సింది. దసరా సెలవులు అయ్యేలోపు యాప్‌లోంచి ఇల్లు తీసేశాను. ఎందుకు తీసేస్తున్నారని అందులో ఒక ప్రశ్న వచ్చింది, కింద నాలుగైదు కారణాలు ఇచ్చారు. ఏదీ నాది కాదు. ఇతరములు అన్నదాన్ని నొక్కాను. ఇప్పుడు దవాఖానలో పనిచేసే ఒక నర్సు, ఆమె కుటుంబం ఇల్లంతా కలిపి నెల అద్దెకు ఉంటున్నారు.

ఈమధ్య మా స్కూల్లో ఇంకో టీచరు నా దగ్గరికి వచ్చింది. జనగామలో వాళ్ల ఇంటి పైగది ఖాళీగా ఉందట, రోజుల లెక్కన ఇస్తే ఎట్లా ఉంటుంది, పన్ను కాగితంలో ఏం రాయాలి అని అడిగింది. నీకు తెలుసంట గదా అక్కా అంది. ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను. ముందు ఆఫీసుకు పోయి చెప్పి, ఆ తర్వాతే మొదటి మనిషికి తాళం ఇవ్వమన్నాను. అంత అవసరమా, అందరూ ఊరికే ఇస్తున్నారు గదా అంది. నేను వెంట వస్తానన్నాను. ఎందుకంత పట్టుబడుతున్నానో అర్థంకాక నా ముఖంలోకి చూసింది కానీ, సరేనంది.

ఒక శనివారం ఇద్దరం కలిసి వెళ్లాం. ఆమె కాగితం నింపింది, నేను పక్కన నిలబడ్డాను. ఒకటి రెండు ప్రశ్నలు అడిగారు, చెప్పింది. డబ్బు కట్టింది. బయటకు వచ్చేసరికి ఎండ ఇంకా ముదరలేదు. ఆమె రసీదును మడిచి పర్సులో పెట్టుకుంటూ తేలికగా నవ్వింది.

"గింతేనా అక్కా?"

"గింతేనే" అన్నాను.

ఆమె చాయ్ తాగుదామంది. నువ్వు పో, నేను వస్తాను అని చెప్పి, మెట్ల మీద కాసేపు ఆగిపోయాను.